వద్దు అనకూడని రెండు గంటలు

9 జూన్ 2014, ఉదయం

ఎవరితోనూ చెప్పుకోలేక ఇందులో రాస్తున్నాను. చెప్తే అరుస్తాను. అరిస్తే, ఇస్మే మళ్ళీ మొదలెట్టిందిరా బాబూ అని నవ్వుతారు.

నిన్న సాయంత్రం మా జాలర్ల సంఘం హాల్లో కెర్విన్ మాట్లాడాడు. మా ఆన్స్ రోజ్ ఊరి పిల్లాడే. ఆదివారం బడిలో నా ముందు కూచుని ముక్కు చీదుకుంటూ ప్రార్థనలు నేర్చుకున్నవాడే. ఇప్పుడు మా దీవి రాజధాని సెయింట్ జార్జెస్‌లో పెట్టుబడుల ఆఫీసులో ఉద్యోగం. ఈ ఉక్కలో కోటు ఒకటి. గోడకి దుప్పటి కట్టి ప్రపంచ పటం వేసి చూపించాడు. పటం నిండా ఎర్ర చుక్కలు. చుక్క ఉన్న చోటల్లా ఓషాటెల్ ఉందట. మన ఫోన్ కంపెనీయే.

వాడు చెప్పింది ఇదీ. పదకొండేళ్ళ కిందట ఈ ఊళ్ళో ఫోన్ ఎన్ని చోట్ల ఉండేది? మూడు చోట్ల. ఫాదర్ గారి దగ్గర, పోలీసుల దగ్గర, రమ్ షాపులో. పాత కంపెనీని లైను అడిగితే ఏడాదిన్నర ఆగమనేది. ఓషాటెల్ వచ్చింది, కొండ మీద టవర్ వేసింది, క్రిస్మస్ నాటికి కుక్కలకి తప్ప అందరి చేతుల్లోనూ ఫోనే. ఇప్పుడు అదే పని పసిఫిక్‌లో నాలుగు దీవుల్లో, ఆఫ్రికాలో రెండు దేశాల్లో చెయ్యబోతోంది. లైసెన్సులకీ టవర్లకీ డబ్బు కావాలి కాబట్టి బాండ్లు అమ్ముతోంది. ఏడాదిన్నర గడువు, నూటికి పదకొండు వడ్డీ. న్యూయార్క్‌లో బ్యాంకులవాళ్ళు కాగితాలు చూసి నమ్మాలి, మీరైతే కళ్ళారా చూశారు కదా ఆంటీ అన్నాడు, నా వైపే తిరిగి.

ఆ మాట నాక్కూడా తగిలింది. అబద్ధం ఎందుకు రాయాలి?

తెయోఫిల్ తాత లేచాడు. మా ఊళ్ళో అందరికంటే పెద్ద కెప్టెన్, ఎనభై ఎనిమిదేళ్ళు. ఆ దీవుల్లో చేపలున్నాయా అబ్బాయీ అని అడిగాడు. బోలెడున్నాయి తాతా అన్నాడు కెర్విన్. అయితే పర్లేదు, వాళ్ళూ మనుషులేలే అన్నాడు తాత. హాలంతా గొల్లుమంది. అంతే, సగం పని అక్కడే అయిపోయింది.

అసలు ఈ డబ్బు దేనికో రాసుకోవాలి, లేకపోతే నాకే మతిపోతుంది. ఐవాన్ తుఫాను మా ఐస్ ప్లాంటుని సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. అప్పట్నుంచి పదేళ్ళుగా అమ్మిన ప్రతి చేప మీదా కొంత తీసి సంఘంలో వేస్తున్నాం. ట్రినిడాడ్ నుంచి కొత్త మెషీన్ తేవడానికి ఇప్పటికి సరిపోయింది. నవంబరుకి బిగించేస్తామన్నారు. ఐస్ లేకపోతే చేప ఒడ్డుకొచ్చిన గంటలో లారీవాడు చెప్పిన రేటుకి ఇచ్చెయ్యాలి. ఇవ్వనంటే నవ్వుతూ ఇంజన్ స్టార్ట్ చేస్తాడు. నా తమ్ముడు ఆగస్టీన్‌కి గ్లోరియా అని ఒక పడవ ఉంది. ఇంకో ఏడాది ఇలాగే అయితే అమ్మేస్తానక్కా, నా వల్ల కాదు అని ఈస్టర్‌కే అన్నాడు. నవంబరు దాకా ఓర్చుకోరా అని నేనే ఆపాను.

ఇప్పుడు చైర్మన్ రాల్ డుఫాంట్‌కి మెషీన్ ఒక్కటీ చాలదట. ఏడాదిన్నర ఆగితే వడ్డీతో కోల్డ్ రూమ్ కూడా వస్తుందట. ఆగడం ఎంతసేపు ఇస్మే అంటాడు. వాడికేం, వాడి పడవ ఒడ్డునెక్కి పదిహేనేళ్ళయింది.

13 జూన్ 2014

కెర్విన్ పంచినవి రంగురంగుల పుస్తకాలు. పసిఫిక్ పాప ఫోన్ చెవిన పెట్టుకుని నవ్వుతున్న ఫోటో. ఇది కాదురా, అసలు కాగితాలు పంపించు అన్నాను. అవెందుకు ఆంటీ, బోర్ కొడతాయి అన్నాడు. కొట్టనీ అన్నాను.

రెండొందల పన్నెండు పేజీలు. మేనకోడలి డిక్షనరీ తెచ్చుకున్నాను.

20 జూన్ 2014, మధ్యాహ్నం

చదివేశాను. కళ్ళు మండుతున్నాయి, ఒళ్ళు ఇంకా మండుతోంది.

కంపెనీవాళ్ళే రాశారు, దాచలేదు. ముప్ఫై ఏడు పేజీలు, ఏమేం చెడిపోవచ్చో వరసగా. వాటిల్లోంచి మూడు ముక్కలు ఒక కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, ఇక్కడికి వచ్చినప్పుడు ఓషాటెల్‌కి పోటీ ఒక్క ముసలి కంపెనీ, అదీ నిద్రపోతోంది. అక్కడ ఇప్పటికే మూడేసి కంపెనీలు మేలుకుని ఉన్నాయి. రెండు, అక్కడి టవర్లకి కరెంటు లేదు, డీజిల్ పోసి నడపాలి. డీజిల్ ఎవరు కాపలా కాస్తారు? మూడు, లైసెన్సుని అక్కడి ప్రభుత్వం ఎప్పుడంటే అప్పుడు చింపి అవతల పారెయ్యొచ్చు.

మనం చూసింది నిజమే. మనం చూసింది మన ఊరు. అక్కడ కూడా మన ఊరే ఉంటుందని ఎవరు చెప్పారు?

రాల్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. వరండాలో కాళ్ళు చాపుకుని కోకో టీ తాగుతున్నాడు. భయపడేవాళ్ళు సముద్రంలోకి పోరు ఇస్మే అన్నాడు. నీకు ఇప్పుడు పడవ కుదుపుకే వాంతులొస్తాయి, సముద్రం సంగతి నువ్వు నాకు చెప్పకు అన్నాను. వాళ్ళావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సరే, మీటింగులో చెప్పు, అందరూ వింటారు అన్నాడు రాల్. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

26 జూన్ 2014

వీడి మొహం మండ! మీటింగు నోటీసు వచ్చింది. రాసింది వాడే, సంఘం కార్యదర్శిని కదా, అందరికీ పంచమని నా చేతికే ఇచ్చాడు. 29వ తేదీ, పడవల ఆశీర్వాదం అయ్యాక, పడవలు తిరిగొచ్చే లోపల.

సెయింట్ పీటర్ పండుగ రోజు! ఏడాదిలో మూడొందల అరవై నాలుగు రోజులు వాడికి కనపడలేదు.

ఆ రోజు సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. ఫాదర్ గారు పడవల మీద నీళ్ళు చల్లాక అన్నీ కలిసి సముద్రంలో ఒక చుట్టు తిరిగొస్తాయి. రెండు గంటలు పడుతుంది. చివరి పడవ ఇసుక మీదికి వచ్చేదాకా ఒడ్డున ఉన్నవాళ్ళెవరూ గొంతు పెంచకూడదు, వద్దు అనకూడదు, కాదు అనకూడదు. అంటే ఆ పడవల్లో ఉన్నవాళ్ళకి కీడు. అందుకే పిల్లలు ఆ రెండు గంటల్లోనే ఐస్‌క్రీం అడుగుతారు. తాగుబోతులు ఆ రెండు గంటల్లోనే అరువడుగుతారు. అరిటిపండ్ల మార్వాని ఒక ఏడాది ఎవడో పెళ్ళాడతావా అని అడిగితే పాపం రెండు గంటలూ దగ్గుతూ కూచుంది.

ఆ రెండు గంటల్లో ఓటింగట.

29 జూన్ 2014, సాయంత్రం

ఏకగ్రీవం.

నా చేత్తోనే రాశాను మినిట్స్‌లో. ఒక్క అభ్యంతరం కూడా రాలేదని. ఎలా వస్తుంది? నలభై మూడుమంది, హాలు తలుపులు తీసి ఉన్నాయి, ఎదురుగా సముద్రం మీద జెండాలు కట్టుకున్న పడవలు. ఎవరికైనా అభ్యంతరమా అన్నాడు రాల్, చర్చిలో పాట అందుకున్నంత మెల్లగా. నా కాగితం గుప్పిట్లో ఉంది. మూడు ముక్కలు. రెండు నిమిషాల పని.

గ్లోరియా వరసలో నాలుగోది. ఆగస్టీన్ నీలం చొక్కా కనపడుతోంది. వాడి వెనక వాడి కొడుకు.

నేను నమ్ముతానా ఇవన్నీ? తెలీదు. మామూలు రోజైతే నవ్వుతాను. కానీ మా నాన్న పోయిన ఏడాది పండుగ రోజు ఒడ్డున ఇద్దరు ఆడవాళ్ళు చేపల బుట్ట గురించి కొట్టుకున్నారు. మూడు వారాలకి ఆయన పడవ ఒక్కటే తిరిగొచ్చింది. ఆ ఇద్దరిలో ఒకతె మా అమ్మ.

నోరు మూసుకున్నాను. ఊళ్ళో అందరికంటే పెద్ద నోరు నాది, కావలసిన ఒక్కరోజు మూసుకున్నాను. చప్పట్లు కూడా కొట్టాను, కొట్టకపోతే కాదన్నట్టు అవుతుందని. నా చేతులు విరగ్గొట్టాలి.

30 జూన్ 2014

సంతకాలు అయిపోయాయి. ఎర్ర చుక్కల్లో మా ఐస్ కూడా ఉంది ఇప్పుడు.

18 నవంబరు 2014

మెషీన్ రావలసిన నెల. ట్రినిడాడ్‌వాళ్ళు ఫోన్ చేసి తీసుకోవడం లేదా మేడమ్ అని అడిగారు. చైర్మన్‌ని అడగండి అని నంబరిచ్చాను. మేం తీసుకోవలసినది పక్క దీవిలో ఎవరికో అమ్మేశారట.

వడ్డీ మొదటి వాయిదా వచ్చిందని రాల్ రమ్ షాపులో అందరికీ తాగించాడు. చూశావా ఇస్మే అన్నాడు. చూస్తున్నా అన్నాను.

7 ఫిబ్రవరి 2015, ఉదయం

ట్యూనా విరగబడింది. నాలుగు రోజులుగా పడుతున్న ఇంత వేట మా వైపు ఎప్పుడూ చూడలేదు. అందరి పడవలూ నిండా. ఆగస్టీన్‌కి ఒక్క నిన్నటి రోజే నలభై ఒక్కటి, ఒక్కొక్కటీ నా నడుమంత.

లారీలు మూడే వచ్చాయి. పక్క ఊళ్ళ దగ్గరే నిండిపోయి వచ్చాయి. ముందున్న నాలుగు పడవల సరుకు ఎత్తుకున్నారు, మిగతావాళ్ళకి ఆగండి, మళ్ళీ వస్తాం అన్నారు. రాలేదు. ఆగస్టీన్ వాళ్ళ వంటింటి ఫ్రిజ్‌లో ఉన్న ఐస్ ట్రేలు కూడా తెచ్చాడు. నలభై ఒక్క చేపలకి మూడు ఐస్ ట్రేలు! వాడి భార్య తడిగోనెలు కప్పింది. నేను ఒక పదకొండింటిని ముక్కలు కోసి ఊళ్ళో పంచాను, ఎవరు కొంటారు, అందరిళ్ళలోనూ అదే చేప.

మధ్యాహ్నానికి కళ్ళు తెల్లబడ్డాయి. సాయంత్రానికి వాసన. పొద్దున్నే ఇసుకలో గొయ్యి తీసి పూడ్చాడు. మొత్తం తానే తవ్వాడు, పార ఎవరికీ ఇవ్వలేదు. నేను రాల్ ఇంటి మీదికి పోతానన్నాను. వద్దక్కా, నువ్వు అరిస్తే చేపలు లేస్తాయా అన్నాడు.

అరిచే వచ్చాను. రాల్ కిటికీ మూసుకున్నాడు. మూసుకున్న కిటికీ ముందు పావుగంట అరిచాను. గొంతు పోయింది. హాయిగా ఏమీ లేదు.

3 మార్చి 2015

గ్లోరియాని అమ్మేశాడు. కరియాకూ దీవి మనిషి వచ్చి తోలుకుపోయాడు. నాకు చెప్పనైనా చెప్పలేదు. కొన్నవాళ్ళు దానికి ఆకుపచ్చ రంగు వేసుకుంటారట.

9 మార్చి 2015

ఆగస్టీన్ ఉద్యోగంలో చేరాడు. కొండ మీద ఓషాటెల్ టవర్‌కి కాపలా. యూనిఫాం, టోపీ, ప్లాస్టిక్ కుర్చీ. జనరేటర్‌లో డీజిల్ పోసి తాళం వేసుకోవాలి, మేకలు తీగలు కొరక్కుండా చూడాలి.

నిన్ను ముంచినవాళ్ళకే కాపలా కాస్తావురా అన్నాను. వాళ్ళు ముంచలేదక్కా, మనమే వెళ్ళి ఇచ్చాం అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు పడవ నడిపిన మనిషి మేకల్ని అదిలిస్తున్నాడు. నెల తిరిగేసరికి జీతం వస్తుంది కదా అంటాడు. ఆ మాట తప్పని నేను అనలేను. అందుకే ఇంకా మండుతోంది.

2 ఏప్రిల్ 2015, ఉదయం

రేడియోలో చెప్పారు. పసిఫిక్‌లో ఒక దేశం ఓషాటెల్ లైసెన్సు రద్దు చేసింది. ఆఫ్రికాలో ఒక దాంట్లో నష్టాలు భరించలేక టవర్లు తెగనమ్ముతున్నారు. న్యూయార్క్ మార్కెట్లో షేర్లు పెడతామన్నది మానుకున్నారు.

మూడో ముక్క. ఒకటో ముక్క. రెండో ముక్క కూడా అయ్యే ఉంటుంది, ఎవరో తాగేసి ఉంటారు డీజిల్‌ని.

నేను చెప్పానా లేదా అని ఎవరినీ అడగలేను. చెప్పలేదు కదా! కాగితం గుప్పిట్లో పెట్టుకుని చప్పట్లు కొట్టాను కదా!

కెర్విన్‌కి ఫోన్ చేశాను, ఓషాటెల్ ఫోన్ లోంచే. ఓషాటెల్ ఆడమనిషి తియ్యటి గొంతుతో, మీరు పిలిచిన వ్యక్తి ప్రస్తుతం అందుబాటులో లేరు అంది. ఏడు సార్లు చేశాను. ఏడుసార్లూ అంతే తియ్యగా చెప్పింది. దాన్నీ తిట్టాను.

11 జూన్ 2015

కెర్విన్ వచ్చాడు. కోటు లేదు. చిక్కిపోయాడు. వాళ్ళమ్మ దాచుకున్నది కూడా ఇందులోనే పెట్టించాడట. మొదటిసారి వాడి మీద జాలేసింది, అదీ ఒక్క నిమిషం.

కంపెనీ కబురు ఇదీ. జనవరిలో మీ డబ్బు తిరిగివ్వాలి. ఇస్తే మాకు కష్టం. కాబట్టి పాత బాండ్లు మాకిచ్చెయ్యండి, బదులు కొత్తవి ఇస్తాం. వడ్డీ ఇంకో అర శాతం ఎక్కువ. గడువు 2022. ఈ నెల 29 సాయంత్రం అయిదు లోపల సంతకం పెట్టాలి. పెడితే నమ్మకంగా నిలబడ్డవాళ్ళవుతారు అని రాశారు.

2022! తెయోఫిల్ తాతకి అప్పటికి తొంభై ఆరు.

పెట్టకపోతే ఏమవుతుందిరా అని అడిగాను. మొత్తం బాండ్లలో నూటికి తొంభై దాకా ఒప్పుకుంటే కంపెనీకి ఊపిరి వస్తుంది ఆంటీ, ఒప్పుకోనివాళ్ళు కొంచెమే అయితే వాళ్ళకి చెప్పిన రోజున ఇచ్చేస్తారు, ఇవ్వకపోతే కంపెనీ దివాలా అన్నట్టు లెక్క, ఆ కొంచెం కోసం అంత పని చేసుకోరు అన్నాడు. ఎక్కువమంది ఒప్పుకోకపోతే? అప్పుడు ఎవరికీ ఏమీ రాదు అన్నాడు. నీ మనసులో మాట చెప్పు అన్నాను. నేను చెప్పకూడదు ఆంటీ, ఉద్యోగం పోతుంది అన్నాడు. చెప్పినట్టే.

ఇదంతా రాల్‌కి పూస గుచ్చినట్టు చెప్పాను. వినడు. వాడు దొంగైతే బాగుండేది, పట్టుకోవచ్చు. ఒక్క డాలరు తినలేదు. వాడికి తప్పు చేశానని ఒప్పుకోవడం చేతకాదు, అంతే. జనవరిలో పోయిందంటే రాల్ ముంచాడంటారు. 2022 దాకా తోస్తే ఎవరు ఉంటారో ఎవరు పోతారో.

మీటింగ్ తారీఖు వేశాడు. మళ్ళీ అదే రోజు. పడవలు తిరిగొచ్చే లోపల.

28 జూన్ 2015

రేపు.

పొద్దుట్నుంచి ఒకటే ఆలోచన. గ్లోరియా లేదు. ఆగస్టీన్ కొండ మీద కుర్చీలో ఉంటాడు. రేపు సముద్రం మీద నా వాళ్ళెవరూ లేరు.

ఇతరుల వాళ్ళున్నారు. మార్వా కొడుకు ఉన్నాడు. రాల్ మేనల్లుళ్ళున్నారు. పద్దెనిమిది పడవలు. వాళ్ళు మనుషులు కారా? కిందటేడు నా తమ్ముడి కోసం మూసుకున్న నోరు, ఈ ఏడు ఊరివాళ్ళ పిల్లల కోసం మూసుకోనా? ఏం మనిషినే నేను.

మూసుకుంటే అందరూ ఆగస్టీన్ లాగే ఒక్కొక్కరూ ఒడ్డెక్కుతారు. కొండ మీద అన్ని కుర్చీలు లేవు.

29 జూన్ 2015, సాయంత్రం ఆరు

అన్నాను.

రాల్ మెల్లగా, ఎవరికైనా అభ్యంతరమా అన్నాడు. లేచాను. వద్దు అన్నాను. ఎక్కడో కుండ పగిలినట్టు హాల్లో అందరూ ఉలిక్కిపడ్డారు. మార్వా నా గౌను పట్టుకుని లాగింది, కూచోవే తల్లీ, నా బిడ్డ నీళ్ళ మీద ఉన్నాడు అని ఏడుపు గొంతుతో అంది. గౌను విడిపించుకున్నాను. వద్దు, సంతకం పెట్టొద్దు, మన డబ్బు జనవరిలో మనకి కావాలి, ఐస్ కావాలి అని అరిచాను. ఏడాదిగా లోపలున్నదంతా ఒక్కసారి వచ్చింది. రాల్‌ని ఏమేం అన్నానో ఇక్కడ రాయను, ఇది దేవుడి పండుగ.

రాల్ తెల్లబోయి, చేతులెత్తించాడు. ఒప్పుకునేవాళ్ళు ఎత్తండి అన్నాడు. నా మీద కోపంతోనే ఎత్తారు చాలామంది. ముప్ఫై తొమ్మిది. పోయింది, అనుకున్నాను. రాల్ కలం తీశాడు. కెర్విన్ కాగితం ముందుకు జరిపాడు, మెల్లగా, చాలా మెల్లగా.

అప్పుడు తెయోఫిల్ తాత కర్రతో నేల మీద కొట్టాడు. కలం కింద పెట్టరా అన్నాడు. రోజు విరిగింది అన్నాడు.

ఆ మాట నేను చిన్నప్పుడెప్పుడో విన్నాను. ఆశీర్వాదం వేళ ఒడ్డున గొడవ జరిగితే ఆ రోజు విరిగినట్టు. పడవల్ని వెంటనే వెనక్కి పిలవాలి, ఇసుక మీదికి లాగాలి. ఆ వేళలో జరిగిన బేరం బేరం కాదు, ఇచ్చిన మాట మాట కాదు. ఫాదర్ గారు మళ్ళీ నీళ్ళు చల్లాకే ఏదైనా. తాతా, ఇది కంపెనీ కాగితం, అయిదింటికి గడువు అన్నాడు రాల్. కంపెనీ సముద్రంలోకి వెళ్తుందా, మన పిల్లలు వెళ్తారా అన్నాడు తాత. అప్పటికే సగం మంది శంఖాలు ఊదడానికి ఒడ్డుకి పరిగెత్తారు. రాల్ సంతకం పెట్టి ఉంటే ఆ శంఖాలతోనే కొట్టేవాళ్ళు వాణ్ణి.

పద్దెనిమిది పడవలూ వచ్చాయి. లెక్కపెట్టాను. గోడకి ఆనుకుని మళ్ళీ లెక్కపెట్టాను. పద్దెనిమిది.

ఫాదర్ గారు మళ్ళీ నీళ్ళు చల్లేలోపే అయిదయింది. గడువు పోయింది.

నాకు శిక్ష కూడా ఉంది. రోజు విరిచినవాళ్ళు మూడు అమావాస్యల దాకా ఇసుక మీద కాలు పెట్టకూడదు. చేపలమ్ముకుని బతికేదాన్ని నేను.

30 జూలై 2015

ఎవడి ఇంజనో పట్టేసింది, ఇస్మే వల్ల. మార్వా కోడిపెట్ట చచ్చింది, ఇస్మే వల్ల. రేపు వాళ్ళ పాలు విరిగినా ఇస్మే వల్లే. రోడ్డు పక్క బల్ల వేసుకుని వేయించిన రొట్టెలు అమ్ముతున్నాను. బస్సులో పోయే పొరుగూరివాళ్ళు కొంటారు. మా ఊరివాళ్ళు అవతలి వైపు నుంచి నడుస్తారు.

ఆగస్టీన్ ఒక్కడే రోజూ రెండు కొంటాడు. అక్కడే నిలబడి తిని వెళ్తాడు.

14 సెప్టెంబరు 2015

మూడో అమావాస్య అయింది. బుట్ట పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను. నా చోట్లో మార్వా కూతురు కూచుంది. లేవలేదు. ఇంకో మూల చూసుకున్నాను.

16 జనవరి 2016

వచ్చింది!

అసలు మొత్తం, చివరి వడ్డీతో సహా. కెర్విన్ బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చి నాకే ముందు చెప్పాడు. తొంభై నాలుగు శాతం ఒప్పుకున్నారట. ఒప్పుకోని ఆ కొద్దిమందికీ నిన్న ఇచ్చేశారు. ఒప్పుకున్నవాళ్ళు 2022 దాకా కాచుకోవాలి. కింద తీరంలో ఒక సంఘం నిరుడు జూన్‌లోనే సంతకం పెట్టేసింది, వాళ్ళు ఇప్పుడు కాచుకుంటున్నారు. వాడి తల్లి కూడా. వాడు నా గుమ్మంలో కూచుని ఏడ్చాడు. రొట్టె ఇచ్చాను.

17 జనవరి 2016, మధ్యాహ్నం

ఇవాళ చర్చిలో ఫాదర్ గారు సెయింట్ పీటర్‌కి కృతజ్ఞతలు చెప్పారు. తర్వాత చైర్మన్ ఓర్పుకి. రాల్ లేచి తల వంచి నమస్కారం పెట్టాడు! ఎవరూ నవ్వలేదు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. బయటికొచ్చాక మార్వా, చూశావా, దేవుడే కాపాడాడు, నువ్వు మాత్రం ఆ రోజు అలా అరిచి ఉండకూడదు అంది.

బెంచీ మీదున్న పాటల పుస్తకం వాళ్ళ మీదికి విసరలేదు. అదే నా పుణ్యం.

అట్నుంచి అటే కొండెక్కాను. మెషీన్ వస్తోందిరా, పడవ చూసుకో, నేనూ కొంత వేస్తాను అన్నాను ఆగస్టీన్‌తో. వాడు టోపీ తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కొడుకు కూడా సెయింట్ జార్జెస్‌లో ఓషాటెల్ షాపులో చేరాడక్కా, పడవ మీద ఇద్దరు కావాలి కదా అన్నాడు.

12 మార్చి 2016, రాత్రి ఏడు

మెషీన్ ఇవాళ మొదటి ఐస్ ఇచ్చింది. ఊరంతా చేతులు పెట్టి చూశారు. రాల్ రిబ్బన్ కోశాడు. నేను తిట్టలేదు, ఓపిక లేదు.

కొండ మీదికి కబురు పంపాను. ఆరింటికి డ్యూటీ దిగి వచ్చి చూస్తానన్నాడు ఆగస్టీన్. కాచుకుని కూచున్నాను. వెనక బాట పట్టి ఇంటికి వెళ్ళిపోయాడని మార్వా కొడుకు చెప్పాడు. ఆ బాట వెంట సముద్రం కనపడదు.